కాలు తీస్తారన్న భయం

గడచిన షవ్వాల్ మాసంలో దేవరకొండ వైపు ఒక పల్లెకు పరామర్శకు వెళ్ళాను. ఆ ఇంటి పదిహేనేళ్ళ కుర్రవాడు రంజాన్ చివరి రోజులలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. తండ్రి తాపీమేస్త్రి. మగవాళ్ళం అరుగు మీద కూర్చుని ఉండగా లోపలి గది గుమ్మం దగ్గర నుండి ఆ తల్లి గొంతు వినిపించింది. “భాయీసాబ్, మీరు పత్రికలో ఆరోగ్యం గురించి రాస్తారట కదా. రెండు మాటలు అడుగుతాను. కాలు తీయించి ఉంటే నా బిడ్డ బతికేవాడా? ఈ ఊరి నీళ్ళ వల్లనే వాడికి ఈ జబ్బు వచ్చిందా?”

కడుపుకోతలో ఉన్న తల్లి ముందు లెక్కలు చెప్పడం తగదని, సహనం ప్రసాదించమని దుఆ చేసి లేచి వచ్చాను. కాని ఆమె అడిగినవి మన జిల్లాలలో ప్రతి ఇంటికీ తెలియవలసిన విషయాలు. అందుకే ఈ నెల శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను.

ముందుగా జరిగినది చెప్పాలి. మొదట కుడి మోకాలి పైభాగంలో నొప్పి వచ్చింది. క్రికెట్ ఆడుతూ పడ్డాడు కనుక దెబ్బ అనుకున్నారు. రాత్రివేళ లేచి ఏడిస్తే ఎదిగే వయసులో ఇది మామూలే అన్నారు. ఆ ప్రాంతంలో ఎముక నొప్పి అనగానే నోటికి వచ్చే మాట ఫ్లోరైడ్ కనుక ఆ మాటా అన్నారు. ఊరి ఆర్.ఎం.పి. నొప్పి మాత్రలు ఇచ్చాడు. వాపు పైకి కనిపించాక కట్టు కట్టే మనిషి దగ్గరకు తీసుకుపోయారు. అతడు నూనెతో మర్దన చేసి, బద్దలు పెట్టి, పసరు కట్టు కట్టాడు. మూడు కట్లు మారాయి. మొదటి ఎక్స్‌రే తీసేనాటికి ఏడు నెలలు గడిచాయి. హైదరాబాదులో పరీక్షలు చేసి ఎముక క్యాన్సర్ అని నిర్ధారించి కీమోథెరపీ మొదలుపెట్టారు. అప్పటికి ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయట. మూడు విడతల మందుతో నొప్పి తగ్గింది, వాపు తగ్గింది, పిల్లవాడు కడుపునిండా అన్నం తిన్నాడు. ఆ దశలో వైద్యులు, కణితి రక్తనాళాలను చుట్టుకొని ఉన్నది, కాలు తొడ దగ్గర తీసివేయక తప్పదు అన్నారు. ఆ రాత్రే ఇంటిల్లిపాదీ బస్సెక్కి ఊరికి వచ్చేశారు. నాలుగు నెలల తరువాత దగ్గు, ఆయాసం మొదలైతే మళ్ళీ వెళ్ళారు. అప్పటికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది.

ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఆస్టియోసార్కోమా. దాని తరువాతిది ఈవింగ్ సార్కోమా. పది నుండి ఇరవై ఏళ్ళ మధ్య, ఎముకలు వేగంగా సాగే కాలంలో ఆస్టియోసార్కోమా ఎక్కువగా కనిపిస్తుంది. సగానికి పైగా మోకాలి చుట్టూనే, అంటే తొడ ఎముక కింది కొసన లేదా పిక్క ఎముక పై కొసన మొదలవుతుంది. భుజం దగ్గర చేతి ఎముకలోనూ వస్తుంది. ఇది అరుదైన జబ్బు. ప్రపంచవ్యాప్తంగా చూస్తే పది లక్షల మంది పిల్లలలో ఏడాదికి నలుగురైదుగురికి వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనాభా సుమారు 75 లక్షలు. అందులో మూడో వంతు పిల్లలు, కౌమార వయస్కులు అనుకుంటే, రెండు జిల్లాలు కలిపి ఏటా పది పన్నెండు మందికి ఇది వస్తుందని అంచనా వేయవచ్చు. అంటే ఒక పల్లె ఆర్.ఎం.పి. గాని, కట్టు కట్టే మనిషి గాని జీవితకాలంలో ఒక్క రోగిని కూడా చూసి ఉండకపోవచ్చు. అతడు గుర్తుపట్టలేదని నిందించి ప్రయోజనం లేదు. అనుమానించవలసినది ఇంటివారే.

అనుమానం ఎప్పుడు రావాలి? నల్గొండ జిల్లాలో ఈ ప్రశ్నకు అడ్డుపడేది ఫ్లోరోసిస్. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాలలో వంగిన కాళ్ళు, బిగుసుకుపోయిన నడుములు తరతరాలుగా చూశాము. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం కాగా, అక్కడి బోరు నీళ్ళలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. నీటి నుండి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడిపోయింది. మన జిల్లాకు దక్కిన కీర్తి ఇటువంటిది! ఇప్పుడు కృష్ణా నీళ్ళు కుళాయిలలో వస్తున్నా పాత అలవాటు పోలేదు. పిల్లవాడు మోకాలు పట్టుకుంటే నీళ్ళను తిట్టి ఊరుకుంటున్నాము. కాని ఈ రెండింటికీ పోలిక తక్కువ. ఫ్లోరోసిస్ ఏళ్ళ తరబడి నెమ్మదిగా వస్తుంది, వెన్నెముకను, శరీరానికి రెండు వైపులా కీళ్ళను పట్టుకుంటుంది, బిగుతు ఎక్కువగా ఉంటుంది. ఎముక క్యాన్సర్ ఒకే కాలికి లేదా ఒకే చేతికి, ఒకే చోట వస్తుంది. వారాలలో, నెలలలో పెరుగుతుంది. రాత్రి విశ్రాంతిలోనూ నొప్పి వేధిస్తుంది. కొంతకాలానికి అక్కడ గట్టి వాపు తేలుతుంది, పిల్లవాడు కుంటడం మొదలుపెడతాడు. జ్వరం, బరువు తగ్గడం ఉండాలన్న నియమం లేదు. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాడు, అదే మోసం. ఎదిగే వయసు నొప్పులు సాధారణంగా రెండు కాళ్ళలోనూ వస్తాయి, తెల్లవారేసరికి పోతాయి, వాపు ఉండదు.

కనుక ఒకే చోట నొప్పి మూడు నాలుగు వారాలు దాటినా, వాపు కనిపించినా ఎక్స్‌రే తీయించాలి. మామూలు ఎక్స్‌రే చాలు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది దొరుకుతుంది. పెద్ద యంత్రాల అవసరం ఆ తరువాతి మాట.

ఇక పసరు కట్ల విషయం. మన ప్రాంతంలో ఎముక విరిగితే కట్టు కట్టించుకునే ఆచారం పాతది, వారి మీద ప్రజలకు నమ్మకమూ ఉన్నది. విరిగిన ఎముక సంగతి ఎలా ఉన్నా, వాచిన ఎముకను మర్దన చేయించరాదు. కణితిని పిసికితే నొప్పి, వాపు పెరుగుతాయి, లోపల తొలిచిన ఎముక విరగవచ్చు. విరిగితే క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న కండరాలలోకి చిమ్ముతాయి, కాలు నిలబెట్టే అవకాశం సన్నగిల్లుతుంది. అన్నిటికంటే విలువైన నెలలు పోతాయి. తక్కువేమీ కాని మరొక పొరపాటు ఉన్నది. వాపు చూడగానే దగ్గరలోని నర్సింగ్ హోములో కోసి ముక్క తీయించడం. బయాప్సీ కోత ఎక్కడ పెట్టారన్నదాని మీద కూడా కాలు నిలుస్తుందా పోతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. కాబట్టి చివరి శస్త్రచికిత్స చేయబోయే క్యాన్సర్ కేంద్రంలోనే బయాప్సీ చేయించాలి.

ఇప్పుడు ఆ తల్లి మొదటి ప్రశ్నకు వస్తాను. 1970కి ముందు ఈ జబ్బుకు కాలు తీసివేయడమొక్కటే చికిత్స. తీసివేసినా వందలో ఎనభై మందికి పైగా ఆ తరువాత మరణించేవారు. ఎందుకంటే జబ్బు బయటపడే నాటికే కంటికి కనిపించని కణాలు రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కాలు పోయినా అవి అక్కడే ఉండి పెరుగుతాయి. 1970 తరువాతి దశాబ్దంలో కీమోథెరపీ రావడంతో ఈ లెక్క తిరగబడింది. 1973లో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ కుమారుడికి పన్నెండేళ్ళ వయసులో ఎముక క్యాన్సర్ వచ్చి కాలు తీసివేశారు. ఆనాడు ప్రయోగదశలో ఉన్న మెథోట్రెక్సేట్ మందును ఇచ్చారు. ఆ బాలుడు బతికి, పెద్దవాడై, న్యాయవాది అయి, కనెక్టికట్ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు. ఆనాడు సెనేటర్ కుమారుడికి దక్కిన మందుకు తోడు డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ వంటివి నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. మన దేశంలోనే తయారవుతున్నాయి. ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇస్తే రక్తంలో మందు మట్టాన్ని మాటిమాటికి కొలవాలి. ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు కనుక మన దేశంలోని పలు కేంద్రాలు అది లేకుండానే మిగతా మందులతో చికిత్స చేస్తున్నాయి.

ఊపిరితిత్తులకు పాకక ముందే వచ్చి చికిత్సను పూర్తి చేసుకున్న పిల్లలలో, మంచి కేంద్రాలలో, వందలో 60 నుండి 70 మంది ఐదేళ్ళు దాటి జీవిస్తున్నారు. పాకిన తరువాత వస్తే అది 20, 30కి పడిపోతుంది. పిల్లల క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే ధనిక దేశాలలో వందలో 80 మందికి పైగా బతుకుతుండగా, అనేక పేద, మధ్య ఆదాయ దేశాలలో 30 మంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2030 నాటికి దీనిని 60కి చేర్చాలని 2018లో ఒక కార్యక్రమాన్ని చేపట్టింది. ఈ తేడాకు కారణం మందులు లేకపోవడమొక్కటే కాదు. జబ్బును ఆలస్యంగా గుర్తించడం ఒకటి, మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో వదిలివేయడం మరొకటి. ఆ ఇంట రెండూ జరిగాయి.

అమ్మా, ఒక్క బిడ్డ విషయంలో బతికేవాడు, బతకడు అని ఏ వైద్యుడూ చెప్పలేడు. మరణ ఘడియ అల్లాహ్ చేతిలో ఉన్నది. కాని మూడు విడతల మందుకు అంత చక్కగా లొంగిన జబ్బు, శస్త్రచికిత్స, మిగిలిన విడతలు పూర్తయి ఉంటే నయమయ్యే అవకాశం బాగానే ఉండేది. నిజం దాచితే రేపు మరొక తల్లి అదే గుమ్మంలో కూర్చోవలసి వస్తుంది.

ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టలేను. నొప్పి తగ్గినప్పుడు జబ్బు పోయిందనే అనుకుంటాము. శస్త్రచికిత్సకు ముందు రెండు మూడు నెలలు, తరువాత మరికొన్ని నెలలు, మొత్తం ఎనిమిది తొమ్మిది నెలల చికిత్స అని, మొదటి విడతలతో కలిగే ఉపశమనం సగం దారేనని మొదటి రోజే అర్థమయ్యేటట్లు వారికెవరు చెప్పారు? చేతిలో కాగితాలు పెట్టి పంపితే చెప్పినట్లు కాదు. మహబూబ్‌నగర్ వైపు సంగతి ఇంకా కష్టం. తల్లిదండ్రులు పుణెకో ముంబయికో వలస పోయి ఉంటారు, పిల్లవాడు నానీ దగ్గర ఉంటాడు. మూడు వారాలకొకసారి హైదరాబాదుకు తీసుకుపోయే మనిషే ఉండడు.

కాలు తీయడమన్న మాట దగ్గరకు వద్దాము. చాలామంది పిల్లలకు నేడు కాలు తీయవలసిన పని లేదు. కణితి ఉన్న ఎముక ముక్కను తొలగించి లోపల లోహపు కీలు అమర్చే శస్త్రచికిత్స అందుబాటులో ఉన్నది. విదేశీ కీళ్ళ ఖరీదు భరించలేని మన దేశంలో తక్కువ ధరకు వాటిని తయారు చేయించి, వేలాదిమందికి మార్గం చూపినవారిలో చెన్నైకి చెందిన డాక్టర్ మయిల్‌వాహనన్ నటరాజన్ ఒకరు. కాని కణితి రక్తనాళాలను, నరాలను చుట్టుకున్నప్పుడు, ఎముక విరిగి చుట్టూ పాకినప్పుడు కాలు నిలపాలని ప్రయత్నిస్తే ప్రాణమే పోవచ్చు. తగిన రోగిని ఎంచుకొని చేసినప్పుడు కాలు నిలిపిన వారిలోనూ, తీసివేసిన వారిలోనూ బతికే అవకాశం దాదాపు సమానం. కాలు తీయడం చికిత్స విఫలమైందనడానికి గుర్తు కాదు.

మన చరిత్రలో హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లాహి అలైహి) గారిని ఎరుగని విద్యావంతుడు లేడు. హజ్రత్ అస్మా (రజియల్లాహు అన్హా) కుమారుడు, మదీనాలోని ఏడుగురు ప్రఖ్యాత ధర్మశాస్త్రవేత్తలలో ఒకరు. ఖలీఫా వలీద్ దర్బారుకు వెళ్ళిన ప్రయాణంలో ఆయన కాలికి పుండు పుట్టి పైకి పాకసాగింది. కాలు తీయకపోతే శరీరమంతా వ్యాపిస్తుందని వైద్యులు చెప్పగా ఆయన అంగీకరించారు. ఆ ప్రయాణంలోనే ఒక కుమారుణ్ణి కూడా కోల్పోయారు. తరువాత మదీనాకు తిరిగి వచ్చి విద్యాబోధన కొనసాగించారు. మత్తుమందు తీసుకోకుండా ఆయన ఆ నొప్పిని ఎలా ఓర్చుకున్నారన్నదే మనం పిల్లలకు చెబుతుంటాము. వైద్యుల మాట విని అంగీకరించారన్న మొదటి సంగతిని ఎందుకో వదిలివేస్తాము. చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశమే. తవక్కుల్ పేరిట ఆసుపత్రి నుండి వచ్చివేయడానికి ధర్మంలో ఆధారం లేదు.

ఇళ్ళలో వచ్చే మరికొన్ని సందేహాలు. తీసివేసిన భాగాన్ని వుజూలో కడగవలసిన బాధ్యత ఉండదు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చు. తొలగించిన అవయవాన్ని పాతిపెట్టుకొంటామని ముందుగా అడిగితే ఆసుపత్రి వారు ఇస్తారు. ఇక ఆడపిల్ల విషయంలో “కాలు లేని పిల్లను ఎవరు చేసుకుంటారు?” అన్న మాట. ఈ మాట పైకి అనకుండానే చికిత్స మానిపించిన పెద్దలు ఉన్నారు. మన దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులకు చికిత్స కోసం వచ్చే పిల్లలలో ఆడపిల్లలు మగపిల్లలకంటే తక్కువ. జబ్బు మగపిల్లలకు కొంత ఎక్కువగా వస్తుందన్నది నిజమే గాని, ఆ తేడా అంతటికీ అదే కారణం కాదు. బతికిన పిల్లకు సంబంధం వెతకవచ్చు, కృత్రిమ కాలు పెట్టించవచ్చు. 1968లో జైపూరులో రూపొందిన ‘జైపూర్ కాలు’తో లక్షలాదిమంది నడుస్తున్నారు, సైకిలు తొక్కుతున్నారు. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ సంస్థ దానిని ఉచితంగా అమర్చుతుంది.

ఖర్చు విషయంలో తెలంగాణ కుటుంబం అనేక పేద దేశాల కుటుంబాలకంటే మెరుగైన స్థితిలో ఉన్నది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. అదే సంవత్సరం చివరిలో నల్గొండకూ వచ్చింది. 2023 డిసెంబరు నుండి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉన్నది. కీమోథెరపీ, శస్త్రచికిత్స దానిలోకి వస్తాయి. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. నిజాం రాజ్యంలోనూ, తరువాతి ప్రభుత్వంలోనూ ఉన్నత పదవులు నిర్వహించి గుజరాత్‌కు తొలి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేర 1955లో వెలసినది. నిమ్స్ కూడా ఉన్నది. ఆహార భద్రతా కార్డు, పిల్లవాడి ఆధార్, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకుపోవాలి. ఎక్స్‌రే ఫిల్మును పారవేయకండి, మొదటి ఫిల్ముతో పోల్చడం వైద్యులకు అవసరం.

పథకం ఇవ్వనిది మిగిలినదంతా. తొమ్మిది నెలల కూలి, అద్దె గది, పిల్లవాడికి గుడ్డు, పాలు, రోగితో పాటు ఉండే మనిషి. ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితం కనుక తల్లి వెళ్ళగలదు, మిగిలిన పిల్లలను ఎవరు చూడాలి? ఇక్కడ మసీదు కమిటీలకు పని ఉన్నది. పేద రోగికి జకాత్ చెందుతుందని అందరికీ తెలుసు. కాని మన జమాఅత్‌లు శస్త్రచికిత్స అని చందా పోగు చేసి ఒక్కసారి చేతిలో పెట్టి ఊరుకుంటున్నాయి. ఆ డబ్బు మొదటి రెండు నెలలలో అయిపోతుంది. నెలకు ఇంత అని, చివరి విడత వరకు ఇవ్వడం మేలు. విడత తేదీలు రాసి పెట్టుకుని, ముందురోజు ఫోను చేసి, పిల్లవాడిని బస్సెక్కించే బాధ్యత ఒక యువకుడికి అప్పగించినా సరే. డబ్బు ఇచ్చేవారికంటే అటువంటి మనిషి దొరకడమే కష్టం. కీమో తీసుకుంటున్న పిల్లవాడికి జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి తెల్లవారే దాకా ఆగరాదని, ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చాలని కూడా ఆ యువకుడికి చెప్పి ఉంచాలి.

జబ్బు ముదిరిపోయినా చేయవలసినది ఉంటుంది. ఆ కుర్రవాడు చివరి నెలంతా నొప్పితో రాత్రులు మేలుకొన్నాడని తండ్రి చెప్పాడు. అది తప్పించగలిగినది. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ వైద్యుల పర్యవేక్షణలో సురక్షితం. ఎం.ఎన్.జె.లోని ఉపశమన వైద్య విభాగంలో అది దొరుకుతుంది, కొన్ని జిల్లా ఆసుపత్రులలోనూ అటువంటి కేంద్రాలు ఏర్పడ్డాయి. మత్తుకు అలవాటుపడతారని భయపడి ఆ పిల్లలకు దానిని నిరాకరించకండి.

రెండవ ప్రశ్న, నీళ్ళు. ఫ్లోరైడ్‌కూ ఆస్టియోసార్కోమాకూ సంబంధముందా అన్నది ఎంతోకాలంగా పరిశోధిస్తున్నారు. 2006లో హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి మగపిల్లల విషయంలో అనుమానం కలిగించింది. 2011లో అక్కడివారే రోగుల ఎముకలలో ఫ్లోరైడ్ ఎంత ఉన్నదో కొలిచి, ఇతరులతో పోల్చి చూడగా సంబంధం కనిపించలేదు. నీళ్ళ వల్ల అని నిరూపణ కాలేదు. క్రికెట్ ఆడుతూ తగిలిన దెబ్బ వల్లా కాదు. దెబ్బ తగిలినప్పుడు అక్కడ చూసుకుంటాము, అప్పటికే ఉన్నది బయటపడుతుంది, అంతే. ఏ నీళ్ళు పోశానో, ఏమి తినిపించానో అని ఆ తల్లి తనను తాను తప్పుపట్టుకోనక్కరలేదు.

నేను బయలుదేరేటప్పుడు తండ్రి వీధి చివర వరకు వచ్చి మెల్లగా మరొక ప్రశ్న అడిగాడు. కూతురు ఎనిమిదవ తరగతి చదువుతున్నది, ఆమెకూ వస్తుందా అని. ఇది అంటుకునే జబ్బు కాదు. రక్తసంబంధీకులలో పలువురికి చిన్న వయసులోనే క్యాన్సర్లు వచ్చి ఉంటే తప్ప, అన్నకు వచ్చింది కనుక చెల్లెలికి వస్తుందని భయపడనక్కరలేదు. వారి ఇంట అటువంటిది లేదన్నాడు. ఈ సంచిక అచ్చయి రాగానే దేవరకొండ వెళ్ళి, ఆ ఇంట్లో కూర్చుని, ఇదంతా చదివి వినిపిస్తానని అతడికి మాట ఇచ్చాను.